బురుజు కూలిన మధ్యాహ్నం

పోయిన ఎండాకాలం ఇటలీలో ఒక కొండ ఊరి కోటగోడ ముందు నిలబడి, ఇంత వయసొచ్చినదాన్ని, పరాయి మనుషుల మధ్య వెక్కివెక్కి ఏడ్చాను. పాత కట్టడాలకి సున్నం పని చేసేవాళ్ళని నాలుగైదు దేశాల నుంచి పిలిచారు. నన్నూ పిలిచారు. ఆ కోటకి ఎనిమిది వందల ఏళ్ళ పైమాటే. ఎవరో ప్రభువు కట్టించుకున్నాడట, తర్వాత సిపాయిలు ఉన్నారట, ఆ తర్వాత ధాన్యం కొట్టు, చివరికి మేకల దొడ్డి. మమ్మల్ని తిప్పి చూపిస్తున్న పెద్దావిడ ఒక గోడ దగ్గర ఆగి, "మా తాతల తరంలో దీన్ని బాగుచేస్తున్నామనుకుని సిమెంటు పూశారు. ఇప్పుడు మేం చేస్తున్న పనల్లా ఆ సిమెంటు ఊడదియ్యడమే" అంది. ఒక పడుచుపిల్ల ఉలితో కొడుతోంది. సిమెంటు పెళ్ళ ఒకటి ఊడి కింద పడింది. నేను ముందుకెళ్ళి వెనకున్న రాయి మీద చెయ్యి పెట్టాను. మూడు నెలలుగా వాన చుక్క లేదని అంతకుముందే చెప్పారు. రాయి తడిగా ఉంది. చల్లగా, జిగటగా, శవాన్ని ముట్టుకున్నట్టుంది. ఆ తడి నాకు తెలుసు. అలాంటి గోడనే నా ఇరవై రెండో ఏట విశాఖపట్నం దగ్గర ఒక గుట్ట మీద ముట్టుకున్నాను, ముట్టుకుని నోరు మూసుకున్నాను. ఈ సంగతి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

మేము కోనసీమ నుంచి వచ్చినవాళ్ళం. నాన్నకి విశాఖపట్నం పోర్టులో క్రేను మీద ఉద్యోగం. పోర్టు క్వార్టర్సులో రెండు గదులూ ఒక వరండా. ఇనుపరాయి ధూళి గాలిలో ఎగిరొచ్చి అన్నిటి మీదా వాలేది. అమ్మ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తడిగుడ్డతో వరండా తుడిచేది. అయినా పాదాలకి ఎర్రగా అంటేది. ఉతికిన తెల్లబట్ట తెల్లగా ఆరిన రోజు మా ఇంట్లో పండగ. మా నాయనమ్మ జడలో పెట్టుకోడానికి మల్లెపూలు అడిగి, దులిపి చూసి, "ఈ ఊళ్ళో మల్లెలు కూడా కనకాంబరాలే" అని సణిగేది. సైరను మోగాక నాన్న వచ్చేవాడు. చేతులకున్న గ్రీజుని ముందు కిరసనాయిలుతో, తర్వాత సున్నిపిండితో కడుక్కునేవాడు. ఆ రెండు వాసనలూ కలిసి వస్తే నాన్న అన్నానికి కూర్చున్నాడని లెక్క. మాట తక్కువ మనిషి. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతానంటే బంధువులు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. "గీతలు తిన్నగా గియ్యి అమ్మడూ, చాలు" అన్నాడు.

ఆ రోజుల్లో సిమెంటంటే ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి చెప్పినా నమ్మరు. పర్మిట్టు లేనిదే బస్తా దొరికేది కాదు. ఎవరింటి ముందైనా నాలుగు బస్తాలు దిగితే వీధి వీధంతా వచ్చి చూసేది. పోర్టులో కొత్త జెట్టీలు సిమెంటువి, గాజువాక దాటాక ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని చెప్పుకునే నేల మీద లేవబోయేవన్నీ సిమెంటువే. సున్నం పాత టౌనుది, ముసలివాళ్ళది, తాంబూలంలోది. నా చదువంతా సిమెంటే. దాని బలం ఎంతో, ఎన్ని రోజులకి ఎంత గట్టిపడుతుందో పట్టికలన్నీ నోటికి వచ్చు.

చదువవగానే ఒక ప్రైవేటు ఇంజనీరుగారి ఆఫీసులో డ్రాయింగులు గీసే పనికి కుదిరాను. చేరిన నెలకే నన్ను కోట పనికి పంపారు. దువ్వాడకీ ఎలమంచిలికీ మధ్య, రైల్వే లైనుకి కాస్త లోపలగా, ఒక గుట్ట మీద చిన్న కోట. ఏ సామంతుడు కట్టాడో రాసిపెట్టిన ఆధారం లేదు. తర్వాత జమీందార్ల చేతికొచ్చింది. వాళ్ళ రోజులూ పోయాక జీడిపిక్కలు నిలవ చేసుకునే గోదామైంది. నాలుగు బురుజుల్లో రెండు ఎప్పుడో నేలమట్టం. మూడోది బాగానే ఉంది. తూర్పు బురుజుకి మాత్రం పైనుంచి కింది దాకా ఒక పగులు. వారసుడు రాజుగారికి పాత టౌనులో ఓడల సరుకు ఎత్తిదింపే వ్యాపారం ఉండేది. కోటని బాగుచేయించి చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకి బడి పెట్టించాలని ఆయన తల్లి పోయేముందు కోరిందట. అందుకోసం ఆ పని.

నేను పొద్దున పాసింజరులో దువ్వాడలో దిగేదాన్ని. అక్కణ్ణుంచి రాళ్ళు తోలే లారీలో డ్రైవరు పక్కన కూర్చుని గుట్ట దాకా. మొదటి రోజే ఖాదర్ మేస్త్రీని చూశాను. పాత టౌను మనిషి, అరవై దాటాయి, సన్నగా వెదురులా ఉండేవాడు. వాళ్ళ తాత ముత్తాతల నుంచీ సున్నం పనే. ఆయన గోడకి చెవి ఆనించి, వేలి కణుపుతో కొడుతూ నడుస్తున్నాడు. నేను టేపు పట్టుకుని కొలుస్తుంటే ఆగి చూశాడు.

"ఏటి బేటీ, కొలతలా?"

"అవునండీ. గోడ మందం ఆరడుగులు."

"ఆరడుగులూ రాయి కాదు. ఇటు ఒకటిన్నర రాయి, అటు ఒకటిన్నర రాయి. నడాన మూడడుగులు చెత్తరాయీ మట్టీ సున్నమూ. గోడకి కడుపది. కడుపు పొడిగా ఉన్నన్నాళ్ళే గోడ నిలబడతాది."

నా డ్రాయింగులో మొత్తం ఆరడుగులూ రాయేనని గీతలు గీసేశాను. ఆ సాయంత్రం రైల్లో కూర్చుని చెరిపి మళ్ళీ గీశాను. అలా మొదలైంది. ఆయన పని నెమ్మది. గుల్లసున్నం గోతిలో నీళ్ళు పోసి వారాల తరబడి మాగబెట్టేవాడు. ఎద్దు తిప్పే గానుగలో ఇసుకతో కలిపి రుబ్బించేవాడు. కరక్కాయలు నానేసిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోయించేవాడు. ఆ వాసన, పులిసిన తీపీ వగరూ కలిసి, నా చీరకి పట్టేసేది. ఇంటికి వెళితే నాయనమ్మ ముక్కు పట్టుకుని "ఇంజనీరు పనికి వెళ్ళొచ్చావా, కషాయం కాచి వచ్చావా?" అనేది. అమ్మ మాత్రం ఆ చీరని విడిగా ఉతికేది, విసుక్కోకుండా.

వానాకాలం దగ్గర పడింది. మూడో బురుజు పని అయ్యింది, తూర్పు బురుజులో అడుగున కొంత సున్నం పని అయ్యి మిగతాది మిగిలింది. ఇంజనీరుగారు ఒకరోజు జీపులో వచ్చారు. వెనక సిమెంటు బస్తాలు. కూలీలందరూ పని ఆపి మరీ చూశారు. "పగుల్లో సిమెంటు నింపి, బయట మొత్తం సిమెంటు ప్లాస్టరు కొట్టెయ్యండి. పది రోజుల్లో అయిపోవాలి" అన్నారు.

మేస్త్రీ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "అయ్యా, వొద్దండి. పైన నీరు దిగుతన్నాది. ముందు పైకప్పు మూయాల. సున్నమైతే లోపలి తడి బయటికి వొదుల్తాది. సిమెంటు పూస్తే తడికి దారి నేదు. కడుపు ఉబ్బిపోతాది."

ఇంజనీరుగారు నవ్వి నా వైపు తిరిగారు. "నువ్వు డిప్లొమా చదువుకున్నావు కదమ్మా. చెప్పు, సిమెంటు బలమా, సున్నం బలమా?"

అంతమంది ముందు నన్నొకరు అలా అడగడం అదే మొదటిసారి. గొప్పగా అనిపించిందని ఒప్పుకోవాలి. "సిమెంటేనండి" అన్నాను. పట్టికలో ఉన్న అంకెలు కూడా చెప్పాను. మేస్త్రీ నన్ను ఒక్క క్షణం చూసి తలపాగా చుట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ప్లాస్టరు మొదలైంది.

ప్లాస్టరయ్యాక బురుజు బయటినుంచి కొత్త నీళ్ళట్యాంకులా నున్నగా తయారైంది. పగులు లోపలి వైపు మాత్రం కనిపించేది. మేస్త్రీ ఒకరోజు పగిలిన కిటికీ అద్దాన్ని సన్నటి పలకలుగా కోసి, పగులుకి అడ్డంగా మూడు చోట్ల, రెండు కొసలా సున్నం ముద్ద పెట్టి అతికించాడు. "దీన్ని మేము గవా అంతాం. సాక్షి అన్నమాట. గోడ ఎంట్రుకంత కదిలినా గాజు ఒప్పుకోదు, పగిలిపోద్ది. గోడ అబద్ధమాడినా ఇది ఆడదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు రోజూ ఆ పుస్తకంలో రాత్తావు కాదేటి? ఇది కూడా రాసీ బేటీ. నాకు రాత రాదు. నా మాట నీ రాతలోనే ఉంతాది" అన్నాడు. పుస్తకమంటే సైటు రిజిస్టరు. ఆ రోజు ఏ పని జరిగింది, ఏ గోడ ఎలా ఉంది, రోజూ నేనే రాయాలి. సరేనన్నాను.

వానలు పట్టుకున్న పదో రోజో పన్నెండో రోజో, పొద్దున్నే లోపలికెళ్ళి చూస్తే మధ్య గాజు పగిలి ఉంది. దాని పైదీ పగిలింది. గోడ మీద చెయ్యి పెట్టాను. ఆ తడి అప్పుడే నా అరచేతికి తెలిసింది. పరుగున వెళ్ళి అప్పుడే జీపు దిగుతున్న ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన లోపలికి రాలేదు. "ఎండకీ వానకీ గాజు పగలదా? ఇలాంటివి రిజిస్టరులో రాస్తే రాజుగారు బెదిరిపోయి పని ఆపేస్తారు. నీ ఉద్యోగమూ పోతుంది, నా పనీ పోతుంది. రాయకు" అన్నారు. నేను పెన్ను తెరిచి, 'వర్షం. తూర్పు బురుజు లోపల నేల చదును' అని రాశాను. అంతే రాశాను. బయటికొస్తే మేస్త్రీ ఎదురయ్యాడు. "రాసినావా బేటీ?" అన్నాడు. తల ఊపాను. అబద్ధం నోటితోనే చెప్పాలని ఎక్కడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నేను ఎదుటి గదిలో కాగితాలు ఆరబెట్టుకుంటున్నాను. అన్నాల వేళ. ఆడకూలీలు రోజూ తూర్పు బురుజు నీడన, బయటి వైపు, వరసగా కూర్చుని క్యారేజీలు విప్పుకునేవారు. ముందు ఒక చప్పుడు వినిపించింది, గోనెసంచి చిరిగినట్టు. తలెత్తి చూశాను. ఆ నున్నటి ప్లాస్టరు మధ్యలో కడుపులా ముందుకొచ్చింది. నా కళ్ళముందే వచ్చింది. తర్వాత అది తెరుచుకుంది. లోపలినుంచి రాళ్ళు కాదు, బురద దూకింది, మూడడుగుల మందాన ఎర్రటి బురద. దాని వెనక బురుజు పైభాగం మొత్తం కూర్చున్నట్టుగా దిగిపోయింది. నేల అదిరింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను అరిచానో లేదో తెలియదు. ఆడవాళ్ళు కూర్చునే చోటికి పరిగెత్తి చేతులతో రాళ్ళు లాగుతున్నాను. గోళ్ళు లేచిపోయాయి. పేర్లు పెట్టి పిలుస్తున్నాను, రావులమ్మా, సన్యాసమ్మా అని. ఎవరో వెనకనుంచి నా భుజాలు పట్టుకుని గుంజారు.

"ఓలమ్మ, ఎవుల కోసం తవ్వుతన్నావు? మేం ఇక్కడున్నాం!"

రావులమ్మ. ఆమె వెనక మిగతా అందరూ, క్యారేజీలతో సహా. నాకు అర్థం కాలేదు. దయ్యాలను చూసినట్టు చూశానట, తర్వాత చెప్పారు. ఆ పొద్దున మేస్త్రీ వాళ్ళని అక్కడ కూర్చోనివ్వలేదట. "బురుజు కింద నాగుపాము దూరింది, నా కళ్ళతో సూసినాను" అని చెప్పి అందరినీ పడమటి వైపు చెట్లకిందికి తరిమాడట. పాము లేదు. బురుజు కూలుతుందని చెబితే వాళ్ళు నవ్వుతారనీ, పామంటే లేస్తారనీ ఆయనకి తెలుసు.

"మేస్త్రీ ఏడీ?" అన్నాను.

రావులమ్మ బురుజు వైపు చెయ్యి చూపించింది. ఆయన మూడో గాజు చూసొస్తానని లోపలికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర దొరికాడు. ప్రాణం ఉంది. కుడికాలు మోకాలి కింద నుంచి రాతి కింద ఉంది. రాళ్ళు తోలే లారీలోనే ఊళ్ళోకి తీసుకొచ్చాం. దారిపొడుగునా ఆయన తల నా ఒళ్ళో ఉంది. స్పృహ ఉంది గానీ మూలగలేదు. "ఆడోళ్ళందరూ ఉన్నారు కదా?" అని రెండుసార్లు అడిగాడు. ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు.

మూడో రోజు రాజుగారు పాత టౌనులోని తన ఆఫీసుకి అందరినీ పిలిచారు. కిటికీలోంచి ఓడల కూతలు వినిపిస్తున్నాయి. ఇంజనీరుగారు రిజిస్టరు బల్లమీద పెట్టి తెరిచారు. "చూడండి. నెలరోజుల్లో గోడ కదులుతోందని ఒక్క ముక్క లేదు. రాసింది నేను కాదు, రోజంతా సైటులో ఉండే ఈ అమ్మాయి. బాగానే ఉన్న గోడ ఒక్కసారిగా కూలిందంటే కారణం ఒకటే, మేస్త్రీ పాతకాలపు సున్నం లోపల పచ్చిగా ఉండిపోయింది." మేస్త్రీ తమ్ముడు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. రాజుగారు నా వైపు చూశారు. నా చేతిరాత, గుండ్రంగా, తిన్నగా, బల్లమీద ఉంది. ఒక మనిషిని ఉరితీయడానికి అంత అందమైన అక్షరాలు పనికొస్తాయని నాకు తెలియదు. లేచి వచ్చేశాను. మాట్లాడకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి నాన్న చేతులు కడుక్కుంటుంటే పెరట్లో నిలబడి అంతా చెప్పాను. ఆయన కడుక్కోవడం ఆపలేదు. చివర్న తువ్వాలుతో తుడుచుకుంటూ, "రాసింది ఎవరమ్మడూ?" అన్నాడు.

"నేనే."

"అయితే రాయంది కూడా నువ్వే చదివి వినిపించాలి. రేపు షిఫ్టు మార్చుకుంటాను. నేనూ వస్తాను."

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. నాన్న బయట బల్లమీద కూర్చున్నాడు. నేను రాజుగారి ముందు నిలబడి, గాజులు పగలడం, గోడ తడి, ఇంజనీరుగారి మాట, నా తల ఊపడం, అన్నీ చెప్పాను. మొదట్లో సిమెంటే బలమని నేనన్నది కూడా చెప్పాను. "నిన్నెవరూ అడగలేదే, ఎందుకొచ్చి చెబుతున్నావమ్మా?" అన్నారు రాజుగారు. "ఆయనకి రాత రాదండీ" అన్నాను. ఆ వారంలోనే ఇంజనీరుగారి ఆఫీసులో నా ఉద్యోగం పోయింది. కోట పని ఇంజనీరుగారికీ పోయింది.

మేస్త్రీతో చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. పాత టౌనులో ఆయన ఇల్లు ఇరుకు సందులో ఉండేది. మంచంమీద పడుకుని ఉన్నాడు. కాలు ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా ఉంది. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. "నేను రాయలేదు మేస్త్రీగారూ" అన్నాను. తమ్ముడు ఆ సంగతి చెప్పలేదు కాబోలు, ఆయన ముఖం కూలిపోయింది. కాలు పోయినప్పుడు కూడా ఆ ముఖం అలా కాలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ ఏమీ తెలియక నా చేతిలో చల్లారిన చాయ్ తీసుకుని వేడిది తెచ్చి ఇచ్చింది. తాగాను. ఆయన ఇటు తిరగలేదు. వారం వారం వెళ్ళేదాన్ని. నెలల తరబడి ఒక్క మాట లేదు. ఈ రోజుల్లో తప్పు చేస్తే ఫోనులో సారీ అని పెడతారు, అవతలివాళ్ళు ఒక బొమ్మ పంపిస్తారు, అయిపోతుంది. అప్పట్లో క్షమించడానికి కూడా మాగబెట్టే కాలం ఉండేది.

వేసవి ముందు రాజుగారు మేస్త్రీ ఇంటికే వచ్చారు. కూలిన బురుజుని మీ పద్ధతిలోనే కట్టండి, ఎన్నేళ్ళయినా పర్వాలేదు అన్నారట. మేస్త్రీ ఒప్పుకుని ఒకే షరతు పెట్టాడు. మర్నాడు ఆయన తమ్ముడు మా క్వార్టర్సుకి వచ్చి, "అన్నయ్య రమ్మంతన్నాడు. సున్నం గోతులు నువ్వు సూడాలంట. డ్రాయింగు కాదంట, సేతులతో సూడాలంట" అని చెప్పాడు. నేను రెండేళ్ళు డ్రాయింగు బల్ల ముట్టుకోలేదు. సున్నం కాల్చాను, తడిపాను, వేళ్ళతో జిగురు చూశాను. చర్మం పొక్కి ఊడింది. మేస్త్రీని కుర్చీలో కూర్చోబెట్టి గుట్టమీదికి మోసుకొచ్చేవారు. ఆయన నాతో పని మాట మాత్రమే మాట్లాడేవాడు. "నీరెక్కువ." "మళ్ళీ రుబ్బించు." "ఈ రాయి తీసీ." నేను చేసేదాన్ని. ఆ తర్వాత నలభై ఏళ్ళు నేను తిన్న తిండంతా ఆ మూడు మాటలు పెట్టిందే.

బురుజు పూర్తయిన ఏడాది తొలివాన పడుతుండగా అందరం పడమటి గదిలోకి చేరాం. ఒక్క మేస్త్రీయే చేరలేదు. తన కుర్చీ తీసుకెళ్ళి తూర్పు బురుజు కింద, గోడకి ఆనించి వెయ్యమన్నాడు. తమ్ముడు వద్దని బతిమాలినా వినలేదు. ఆడవాళ్ళు గుమ్మంలోంచి చూస్తున్నారు. నేను గొడుగు తీసుకోకుండా వానలో నడిచి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాను, వీపు గోడకి ఆనించి. నీళ్ళు మా ఇద్దరి ముఖాల మీదా కారుతున్నాయి. గోడ వెనకనుంచి ఏ చప్పుడు వస్తుందోనని నా ఒళ్ళంతా చెవులైంది. చాలాసేపటికి ఆయన నావైపు చూశాడు.

"బయమేస్తన్నాదేటి బేటీ?"

రెండేళ్ళలో నన్ను బేటీ అనడం అదే మొదటిసారి. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"వేస్తోందండీ."

"ఎయ్యాల" అని కళ్ళు మూసుకున్నాడు. వాన ఆగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.